నేలెక్కే లిఫ్టు

ఆ భవనానికి ఆరు అంతస్తులు, ఆరింటికీ కలిపి ఒకటే లిఫ్టు, ఆ లిఫ్టుకి ఒకడే మనిషి. ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు, అందరికీ లిఫ్టాయనే. కోపం వస్తే భార్య కూడా అలాగే పిలుస్తుంది. ఇప్పటి లిఫ్టుల్లా దానికి నొక్కే మీటలు లేవు. ఇనప జాలీ తలుపు, కూర్చోడానికి ఎత్తుపీట, ఇరవై రెండేళ్ళుగా ఆయన అరచేతి రాపిడికి మెరుపు తేలిన ఇత్తడి పిడి, అంతే. పిడి కుడికి తిప్పితే లిఫ్టు పైకి వెళ్తుంది. ఎడమకి తిప్పితే ఎటు వెళ్తుందో మాత్రం ఆ భవనంలో ఎవరూ అనకూడదు. ఆయనకి చదివే అలవాటు లేదు కనక నేను ధైర్యంగా రాసేస్తున్నాను: కిందికి వెళ్తుంది. ఆ మాట అనకూడదని ఆయన పెట్టిన నిషేధం ఆరు నెలలు నడిచింది.

దాని వెనక ఒక ఫుట్‌బాల్ జట్టుంది. ఆ ఊరికి ఉన్నది ఒకటే జట్టు, నీలం చారల చొక్కాలు. కప్పు గెలిచిన పాపాన పోలేదు. మొదటి డివిజన్‌లో ముప్ఫై ఒక్కేళ్ళుగా ఉంటోంది, దాని ఘనతంతా అదే. పద్దెనిమిది జట్లున్న ఆ డివిజన్‌లో ఏటా అడుగున మిగిలిన మూడు రెండో డివిజన్‌లోకి పోతాయి. మన జట్టు ప్రతి ఏడూ గోడ పట్టుకుని నడిచే మనిషిలా పదమూడో పద్నాలుగో స్థానంలో ఎలాగో నిలబడేది. ఈ ఏడు గోడ కూడా దొరకలేదు. మొదటి ఎనిమిది ఆటల్లో ఆరు ఓడింది. గోలు కాసే గోలీ పొడగరి, కష్టజీవి, మంచివాడు. బంతికి మాత్రం ఆయన కాళ్ళ సందు తప్ప వేరే దారి నచ్చేది కాదు. స్టేడియంలో అందరూ ఆయన్ని జల్లెడ అంటారు.

తొమ్మిదో ఆట ముందురోజు సాయంత్రం నాలుగో అంతస్తు వకీలుగారు లిఫ్టెక్కి, "ఏమయ్యా, దిగుదామా?" అన్నారు. మర్నాడు జట్టు ఆఖరి నిమిషంలో ఓడింది. తర్వాతి శనివారం మూడో అంతస్తు పళ్ళ డాక్టరమ్మ, "కిందికేగా?" అంది. మర్నాడు మనవాడొకడు బంతిని సొంత గోలులోకే తన్నాడు. ఒకసారైతే కాకతాళీయం అనుకుని ఊరుకునేవాడే, రెండుసార్లయ్యేసరికి లిఫ్టాయనకి కుట్ర అర్థమైపోయింది. ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు, సోమవారం ఉదయం వాచ్‌మన్‌ని పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

మన పెద్దలేమీ తెలివితక్కువవాళ్ళు కాదట. బియ్యం అయిపోతే నిండుకున్నాయంటారు. దీపం ఆరితే కొండెక్కిందంటారు. ఇంట్లోంచి బయల్దేరేవాడు పోతానని అనడు, వెళ్ళొస్తానంటాడు. నోటిమాటకి బలముంది కాబట్టే ఇన్ని తంటాలు పడ్డారు. అలాంటిది ఒక ఇనపపెట్టెలో రోజుకి రెండొందలమంది దిగాలి, దిగాలి అని జపం చేస్తుంటే జట్టు దిగక ఏం చేస్తుంది? కనక ఈ రోజు నుంచి ఈ లిఫ్టులో దిగడం ఉండదు. పైకి వెళ్ళేవాళ్ళు అంతస్తు చెప్పాలి. వీధిలోకి పోయేవాళ్ళు నేలెక్కుతాం అనాలి. వాచ్‌మన్ కాసేపు ఆలోచించి, ఎక్కడమంటే శుభమే కదన్నా అని ఒప్పుకున్నాడు.

నేలెక్కుతామని అననిదే పిడి తిరగలేదు. ఐదో అంతస్తు బీమా ఆఫీసరుగారు మహా పట్టుదల మనిషి, మొదటిరోజు ఏడు నిమిషాలు లిఫ్టులో నిలబడి, చివరికి నడిచి పోయారు. ఐదంతస్తుల మెట్లు మోకాళ్ళకి పాఠం చెప్పాక, మర్నాడు చక్కగా, స్పష్టంగా నేలెక్కారు. ఆ ఆదివారం జట్టు ఒకటి సున్నాతో గెలిచింది. బంతి మనవాడి వీపుకి తగిలి, తనంతట తానే దారి చూసుకుని లోపలికి వెళ్ళింది. గోలు కొట్టినవాడికే ఆ సంగతి పక్కవాళ్ళు చెబితేగాని తెలియలేదు. అయినా గెలుపు గెలుపే, లిఫ్టాయన నమ్మకానికి అక్కడ పునాది పడింది.

అలవాటు లిఫ్టులో ఆగితే బాగుండేది. అది అంతస్తులన్నిటికీ పాకింది. ఒక ముసలావిడ పంటినొప్పితో వచ్చి, లిఫ్టాయన మనసు నొప్పించడం ఇష్టంలేక దారంతా నేలెక్కడం వల్లించుకుని, కుర్చీలో కూర్చున్నాక కూడా అదే ధ్యాసలో ఉంది. పై పన్నా, కింది పన్నా అని డాక్టరమ్మ అడిగితే, "నేలెక్కే పన్నమ్మా" అంది. ఎక్కేదంటే పైదే కాబోలని డాక్టరమ్మ పై దవడలో మూడు పళ్ళు తట్టి చూసింది. నాలుగోది తట్టబోతుండగా ముసలావిడ ఆమె మణికట్టు పట్టుకుని, నిషేధాన్ని ఉల్లంఘించి, అసలు సంగతి చెప్పింది. పన్నేమీ పోలేదుగానీ డాక్టరమ్మ వచ్చి లిఫ్టాయనకి గట్టిగానే నాలుగు మాటలు చెప్పింది. చెప్పి, నేలెక్కి ఇంటికి వెళ్ళిపోయింది.

వకీలుగారి కథ అంతకంటే ఘనం. ఆయన కోర్టులో నిలబడి కింది కోర్టు తీర్పు చెల్లదని వాదించవలసిన చోట, నేలెక్కిన కోర్టు తీర్పు చెల్లదని వాదించారు. జడ్జిగారు మళ్ళీ చెప్పమన్నారు. వకీలుగారు మళ్ళీ అదే చెప్పారు. ఆయన గుమాస్తా ఇంకో అడుగు ముందుకేసి, ఒక అర్జీలో కింద సంతకం చేసినవారు అనే చోట నేలెక్కి సంతకం చేసినవారు అని టైపు కొట్టాడు. దాని మీద అప్పటికే ఎనిమిదిమంది సంతకాలు చేసేశారు, ఒక్కరూ చదవలేదు.

ఇంట్లో మాత్రం లిఫ్టాయన ఆటలు సాగలేదు. ఒక ఉదయం భార్య పాలు దించమంది. ఆయన పొయ్యి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి, ఆ మాట వెనక్కి తీసుకుంటేగాని గిన్నె ముట్టుకోనన్నాడు. పాలు ఎవరి మాటా వినవు కనక పొంగి పొయ్యంతా పారాయి. ఆవిడ తడిగుడ్డ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"తుడవండి. మీరు తుడిచేంతసేపూ దించు దించు అని నేను పక్కన కూర్చుని అంటుంటాను" అంది.

అన్నంత పనీ చేసింది. ఆ ఆదివారం జట్టు ఓడింది. ఆయన ఆవిడ వంక ఒక చూపు చూశాడేగాని ఏమీ అనలేదు. ఆవిడని అనగల ధైర్యం పెళ్ళైన మొదటి ఏడే కొండెక్కింది.

ఇదంతా నవ్వులాటగా చెబుతున్నానుగానీ లిఫ్టాయన భయం నవ్వులాట కాదు. ఆయన భయం అసలు జట్టు గురించి కూడా కాదు, మామగారి గురించి.

మామగారంటే ఆ పొయ్యి తుడిపించిన ఆవిడ తండ్రి. గడియారాలు బాగుచేసే మనిషి. డెబ్బై ఆరేళ్ళొచ్చాక దుకాణం మూసి, అత్తగారితోనూ తొమ్మిది గోడ గడియారాలతోనూ కాపురం చేస్తున్నారు. సంబంధం మాట్లాడేటప్పుడు ఆయన అడిగిన ప్రశ్న ఒకటే, ఈ ఉద్యోగంలో పైకొచ్చే అవకాశం ఉందా అని. మనవాడు వయసు పొగరు కొద్దీ, "రోజుకి నూట ఇరవైసార్లు వస్తానండీ" అన్నాడు. కాబోయే అత్తగారు నవ్వారు. కాబోయే భార్య నవ్వి అక్కడికక్కడే మనసు ఖాయం చేసుకుంది. మామగారు నవ్వలేదు సరికదా, పెళ్ళయ్యాక నాలుగేళ్ళు అల్లుడితో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే కూతురి మీదుగా చెప్పేవారు, ఎదురుగా కూర్చున్న మనిషికి కూడా.

ఒక ఆదివారం అల్లుడు ఇంట్లో మందులు కొనుక్కొస్తానని చెప్పి స్టేడియానికి వెళ్ళాడు. తూర్పు వైపు ఏడో వరసలో ఒకటే సీటు ఖాళీగా ఉంది. పక్క సీట్లో మామగారున్నారు. ఆయన ఇంట్లో కంటి డాక్టరు దగ్గరికని చెప్పి వచ్చారు. ఇద్దరూ దొంగలే కనక ఎవరూ ఎవర్నీ నిలదీయలేదు. మొదటి సగమంతా ఉలుకూ పలుకూ లేదు. రెండో సగంలో మనవాళ్ళు సమర్పించుకున్న గోలు చూసి పెద్దాయన తట్టుకోలేకపోయారు.

"అల్లుడూ, ఈ గోలీ ఐదు నిమిషాలు స్లో" అన్నారు.

నాలుగేళ్ళలో అదే మొదటి మాట. ఆ తర్వాత పదకొండేళ్ళు, సొంత ఊళ్ళో ఆట ఉన్న ఏ ఆదివారమూ ఆ రెండు సీట్లూ ఖాళీగా లేవు. మామగారు కూర్చోడానికి మెత్త తెచ్చుకునేవారు, అల్లుడు వేయించిన వేరుశనగలు తెచ్చేవాడు. ఆట చెత్తగా ఉంటుంది కనక మాటలకి తీరిక దొరికేది. ఒకరి గడియారం పాడుచేసి, గుట్టుగా కొత్త యంత్రం వేసి ఇచ్చిన సంగతి మామగారు అక్కడే చెప్పారు. ఆ గడియారం అంతకు ముందుకంటే బాగా నడుస్తోందని వాళ్ళు వచ్చి మెచ్చుకుంటే, పాపం మూడురోజులు అన్నం సయించలేదట. ఈ మధ్య కుడిచేయి కాస్త వణుకుతోందని, ఇంట్లో చెప్పవద్దని కూడా అక్కడే అన్నారు. స్టేడియం గేటు దాటగానే ఆయన మళ్ళీ మామగారైపోయేవారు, ఈయన గోడకి ఆనుకుని నిలబడే అల్లుడైపోయేవాడు.

లిఫ్టాయనకి ఆ పెద్దాయన అంటే ప్రాణం. సొంత తండ్రితో కూడా అన్ని కబుర్లు చెప్పి ఎరగడు. రెండో డివిజన్ ఆటలు జరిగేది ఆదివారాలు కాదు, బుధవారం మధ్యాహ్నం మూడింటికి. బుధవారం మూడింటికి ఆయన లిఫ్టులో ఉండాలి. భవనం మేనేజరు దృష్టిలో ఆదివారం తప్ప మరో రోజు సెలవడిగే లిఫ్టు మనిషి ఇంకా పుట్టలేదు. జట్టు దిగిందంటే మామగారితో మాటలు పోయినట్టే. ఈ సంగతి ఆయన భార్యకి చెప్పలేదు, మామగారికి అసలే చెప్పలేదు. బంతి అటూ ఇటూ పోతుండగా పక్కనున్న మగాడితో అలాంటివి ఎలా అంటారు? అందుకని లోకం మొత్తాన్నీ నేలెక్కించుకుంటూ కూర్చున్నాడు.

ఆఖరి ఆట వచ్చింది. పొరుగూళ్ళో, ఈసారికి ఆదివారం కాక శనివారం సాయంత్రం నాలుగింటికి. డ్రా చేసుకున్నా చాలు, ఉన్నచోట ఉండిపోతాం. ఓడితే పోతాం. శనివారం పనిరోజు కనక లిఫ్టాయన లిఫ్టులో ఉన్నాడు, వాచ్‌మన్ నేల మీద తన కుర్చీలో రేడియో పెట్టుకుని, ఏ ముక్క తెలిసినా లిఫ్టు గూటిలోకి తలపెట్టి పైకి అరిచేలా ఇద్దరూ ఏర్పాటు చేసుకున్నారు. అరగంటకి మనవాళ్ళు గోలు కొట్టారని అరుపు వచ్చింది. గంటకి వాళ్ళు కొట్టారని వచ్చింది. ఒకటి ఒకటి. భవనంలో ఆ సాయంత్రం ఎవరూ పని చేసినట్టు లేదు, చేసినవాళ్ళదైనా సరిగా ఉండి ఉండదు.

ఆరింటికి కొంచెం ముందు, లిఫ్టు ఐదో అంతస్తు దాటుతుండగా, అడుగు నుంచి వాచ్‌మన్ కేక గోడలకి తగులుకుంటూ వచ్చింది. సగం దారిలో పోయింది, సగం చేరింది.

"...ఎక్కాం!"

లిఫ్టాయన పిడి వదిలేశాడు. గట్టెక్కాం, అన్నాడు మెల్లగా. మళ్ళీ గట్టిగా అన్నాడు. లిఫ్టులో ఉన్న వకీలుగారు పక్కనున్నాయన్ని వాటేసుకున్నారు, ఆయన మూడేళ్ళుగా ఎదుటి పక్షం తరఫున వాదిస్తున్న మనిషి. కబురు మెట్ల మీదుగా అన్ని గదులకీ పాకింది. డాక్టరమ్మ చేతిలో పట్టకారుతో వరండాలోకి వచ్చింది. ఆమె వెనకే రోగి కూడా నోటినిండా దూదితో వచ్చి, తన శక్తి కొద్దీ ఆఁ ఆఁ అని ఆనందించాడు. లిఫ్టాయన ఆరో అంతస్తులో లిఫ్టు ఆపి కిటికీ దగ్గరికి, ఫోను పలికే చోటికి పరిగెత్తాడు. పదిహేనేళ్ళలో మామగారికి ఫోన్ చేయడం అదే మొదలు.

"మామయ్యా, గట్టెక్కాం" అన్నాడు.

అవతల తొమ్మిది గడియారాలు కొట్టుకోవడం వినిపించింది.

"ఎవరు చెప్పారు?" అన్నారు మామగారు.

"వాచ్‌మన్ అరిచాడు."

"నేను రేడియో విన్నాను, అల్లుడూ. తొంభై ఒకటో నిమిషంలో జల్లెడ కాళ్ళ సందులోంచి పోయింది." ఆయన గొంతు సవరించుకున్నారు. "దిగిపోయాం."

లిఫ్టాయన కిటికీ కింద గచ్చు మీద కూలబడ్డాడు. "బుధవారాలు నాకు సెలవు దొరకదు మామయ్యా" అన్నాడు. మామగారు ఊఁ అన్నారు. ఫోను పెట్టేశారు.

వాచ్‌మన్‌ని అడిగితే వాడు నెత్తి కొట్టుకున్నాడు. నేలెక్కాం, నేలెక్కాం అని గొంతు చించుకుని అరిచానన్నా, దిగాం అనొద్దని మీరే కదా అన్నారు, నేల మీకు చేరకపోతే నేనేం చేసేది అన్నాడు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆ సాయంత్రం ఆఖరి విడత జనాన్ని ఎక్కించుకుని, "కిందికే కదండీ" అని లిఫ్టాయనే అన్నాడు. వకీలుగారు నొచ్చుకుని, "పరవాలేదయ్యా, నేలెక్కుదాంలే" అన్నారు.

ఆటల్లేని నెలలు రెండున్నర గడిచాయి. ఆదివారాలు ఆయనకి ఏం చేయాలో తోచేది కాదు. బీరువా సర్దాడు. సర్దిన బీరువా మళ్ళీ సర్దాడు. మూడోసారి తలుపు తెరవబోతే భార్య తాళం వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఒక ఆదివారం ఆవిడతో అత్తారింటికి వెళ్ళాడు. మామగారు పేపరు వెనక ఉన్నారు. ఎలాగైనా మాట కలపాలని, గోడ వంక చూసి, ఆ మూడో గడియారం ఐదు నిమిషాలు స్లోగా ఉన్నట్టుంది మామయ్యా అన్నాడు. మామగారు పేపరు దించి, ఆ గడియారం వంకా అల్లుడి వంకా చూసి, అది సరిగ్గానే ఉందని వాళ్ళాయనకి చెప్పమని కూతురితో అన్నారు.

రెండో డివిజన్ మొదలైన బుధవారం, మూడింటికి పావుగంట తక్కువకి, లిఫ్టు నేల మీదికి వచ్చేసరికి జాలీ అవతల మామగారు నిలబడి ఉన్నారు. ఇస్త్రీ చొక్కా, చంకలో మెత్త, జేబులో చిన్న రేడియో, చేతిలో వేరుశనగల పొట్లం. లోపలికొచ్చి ఎత్తుపీట మీద మెత్త వేసుకుని, మోకాళ్ళు సర్దుకుని కూర్చున్నారు.

"పోనీ" అన్నారు మామగారు.

ఆ ఇనపపెట్టెలో చిన్న రేడియో మూడో అంతస్తు దాకా గురగురలాడేది, నాలుగు దాటాక పలికేది. అందుకని ఆ మధ్యాహ్నం లిఫ్టు పైకి పెళ్ళినడక నడిచింది, కిందికి పరుగున వచ్చింది. పైన మనవాళ్ళకి పెనాల్టీ వచ్చిందని వినేవారు, కిందికి పోయి వచ్చేసరికి దాని గతి ఏమైందో ఎవరూ చెప్పేవారు కాదు. డాక్టరమ్మ పని లేకపోయినా రెండుసార్లు తిరిగింది. మేనేజరు వచ్చి ఈ పెద్దాయన ఎవరని అడిగితే, వకీలుగారు నా క్లయింటన్నారు, అదే క్షణంలో డాక్టరమ్మ నా పేషెంటంది. రెండూ కలిసిన మనిషిని కదపడం మంచిది కాదనుకున్నాడో ఏమో, మేనేజరు మెట్లమీదుగా వెళ్ళిపోయాడు.

కొత్తగా చేరిన ఒక టైపిస్టు అమ్మాయి నాలుగుసార్లు ఎక్కి దిగి, నాలుగుసార్లూ అదే పీట మీద ఆయన్నే చూసి ఉండబట్టలేకపోయింది.

"తాతగారూ, మీరు ఏ అంతస్తులో దిగుతారు?"

"నేను దిగనమ్మా" అన్నారు మామగారు. "ఇంకా రెండో సగం ఉంది."

ఆ రెండో సగంలోనూ ఒరిగిందేమీ లేదు. మూడు సున్నాతో ఓడిపోయారు. మామగారు కొత్త గోలీ గురించి, పాత గోలీ గురించి, ఈ మధ్య అత్తగారు పట్టుబట్టి తినిపిస్తున్న చప్పిడి కూరల గురించి, చేతి వణుకు గురించి మాట్లాడారు. లిఫ్టాయన నిలబడి పిడి తిప్పుతూ విన్నాడు, మధ్యమధ్య తనూ చెప్పాడు. ఐదైంది. రేడియో కట్టేసి, మామగారు పీట మీంచి లేచారు.

"ఇలా ఆడితే వచ్చే ఏడు ఇంకా కిందికి పోతాం" అన్నారు.

"ఇంకా కింద కూడా ఉందా మామయ్యా?"

"ఉంది, మూడో డివిజన్. కనుక్కున్నాను. శుక్రవారాలు, పొద్దున్న పదింటికి."

పొద్దున్న పదింటికి ఆ లిఫ్టులో ఊపిరి తీసుకోవడానికి కూడా చోటుండదు. లిఫ్టాయన జాలీ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. మామగారు మెత్త చంకలో పెట్టుకుని, మిగిలిన వేరుశనగలు అల్లుడి చొక్కా జేబులో పోశారు.

"శుక్రవారం పొద్దున్న కూడా నాకు ఖాళీయే" అన్నారు.